బుధవారం దాటిపోయే చప్పుడు

"ఏడాది తిరగలేదు! ఒంటిమీద నల్లబట్ట విప్పలేదు! అప్పుడే మొగుడి లారీ కడుపు కోసి పేగులు అమ్మేసుకుందమ్మా, మహాతల్లి!"

అచియాది దేవుడు తీరిగ్గా కూచుని చేసిన గొంతు. లారీలు బాగుచేసే సువామె షెడ్లలో వందల సమ్మెటలు ఒక్కసారిగా మోగుతున్నా ఆ గొంతుని మింగలేవు. గేటు బయట కాల్చిన అరటికాయలు అమ్మే పిల్ల విసనకర్ర ఆపి మరీ వింటోంది.

ఆ తిట్లన్నీ తమ్ముడి పెళ్ళాం పొకువాకి. వాకిట్లో లారీ వెనక, నేలమీద పరిచిన గోనెపట్టా ముందు కూచుని ఉంది. పట్టా మీద గ్రీజులో మునిగిన పళ్ళచక్రాలు రెండున్నాయి. అన్నం పళ్ళెమంత పెద్దది ఒకటి, దానితో జత కట్టే చిన్నది ఒకటి. పెద్దదానికి నాలుగు పళ్ళు వరసగా ఊడిపోయాయి. చిన్నదాని పళ్ళు అరిగి అరిగి మొండివైపోయాయి.

నిన్న ఇద్రిసు మేస్త్రీ వెనక ఇరుసు విప్పేదాకా ఇంట్లో అందరూ అనుకున్నది వేరు. బేరింగు ఏదో పట్టేసి ఉంటుంది, మారిస్తే బండి కదులుతుంది అనుకున్నారు. మేస్త్రీ లోపల చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. తర్వాత చెయ్యి బయటికి తీసి, ఆ చేతిలోకే చూస్తూ నిలబడ్డాడు. అరచేతిలో విరిగిన పన్ను ముక్క ఉంది.

"నా తమ్ముడు ఈ బండిని నడుపుకుంటూ వచ్చి ఇక్కడ పెట్టాడు," అంది అచియా. "నా కళ్ళారా చూశాను. పళ్ళు లేని బండి నడిచొస్తుందా మేస్త్రీ? నువ్వు చెప్పు."

"రాదమ్మా."

"మరి? లోపల ఉన్న మంచి జత ఏమైపోయింది? ఎలకలు తిన్నాయా? తమ్ముడు మంచాన పడ్డాక ఈ వాకిట్లో ఉన్నది ఎవరు? తాళంచెవులు ఎవరి కొంగున ఉన్నాయి?"

ఆమె వేలు పొకువా కొంగు వైపు చూపిస్తోంది. కొంగున తాళంచెవులు ఉన్నమాట నిజమే.

"అత్తా," అన్నాడు అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ అసిబే. పొకువా మొగుడు, కిందటేడు పోయిన ఆడోమాకోకి మేనల్లుడు, అచియా కొడుకు, ఇప్పుడు ఆడోమాకో వారసుడు. మంచివాడే. ఆ మంచితనమే అతని తలనొప్పి. తల్లి ముందు నోరు లేవదు, అత్త ముందు తల లేవదు. "అత్తా, అమ్మ మాటలు వదిలెయ్. నీకేమైనా తెలిస్తే నాకు చెప్పు. శనివారమే మామ ఏడాది దినం. పెద్దల ముందు నేనిచ్చిన మాట నీకు గుర్తుందిగా?"

ఎందుకు గుర్తుండదు? శనివారానికి లారీ తన చక్రాల మీద తను గేటు దాటితే, పొకువా కొడుకు దార్కో దాన్ని యాము దుంపలు తెచ్చే రోడ్డు మీద నడుపుకుంటాడు. దాటకపోతే ఇనుము కరిగించేవాళ్ళు వచ్చి క్రేనుతో ఎత్తుకుపోతారు. మేనమామ ఆస్తి మేనల్లుడిది. కొడుక్కి తండ్రి పేరు వస్తుంది గాని తండ్రి బండి రాదు. ఆ సంగతి ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అయినా అసిబే ఆ మాత్రం దారి ఉంచాడు.

"నాకేం తెలీదు నాయనా," అంది పొకువా.

"తెలీదట!" అచియా చేతులు చరిచింది. "విన్నావా? తెలీదట!"

"అత్తయ్యా, ఇంక చాలు!" దార్కో లారీ ముందు నుంచి విసురుగా వచ్చాడు. తండ్రి పోలికే, ఆ కోపం మాత్రం తల్లి వైపుది. "మా అమ్మ దొంగా? నాన్న మంచాన పడ్డన్నాళ్ళూ ఆయన్ని ఎత్తి కూచోబెట్టింది ఎవరు? నువ్వొచ్చి పోయేటప్పుడు అరటిగెల పట్టుకుపోయావు గానీ ఒక్క రాత్రి కూచున్నావా?"

"నోరు ముయ్యరా," అంది పొకువా.

"ఎందుకు ముయ్యాలి?"

"పెద్దమనిషి ఆవిడ. ముయ్యి."

దార్కో మూశాడు. కాలితో డొక్కు డ్రమ్మునొకటి తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి లారీ ముందు చక్రానికి తగిలి ఆగింది.

ఆ లారీని చూస్తే పాత బెడ్‌ఫర్డ్ అని చెప్పడానికి ముక్కు ఒక్కటే మిగిలింది. మిగతాదంతా ఈ షెడ్లే కన్నాయి. చెక్క ఒళ్ళు వడ్రంగులది, రేడియేటరు ఎవరిదో చచ్చిపోయిన బండిది, స్టీరింగు మరొకరిది. నుదుటి పలక మీద పసుపు అక్షరాలతో 'మెబా' అని ఉంది. వస్తాను అని. ఆడోమాకో తన చేత్తో రాయించుకున్న మాట. ఆ మాట చూసుకునే పొకువా పెళ్ళైన కొత్తలో గేటు దగ్గర నిలబడడం నేర్చుకుంది. ఎప్పుడొచ్చినా వచ్చేవాడు. ఆలస్యంగా వచ్చేవాడు, దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు, ఓసారి వంతెన కొట్టుకుపోతే కాలినడకన వచ్చాడు. రాకుండా మాత్రం ఉండలేదు.

ఆ పలక ఒక్కసారి గేటు దాటి రోడ్డెక్కితే చూడాలని ఉంది ఆమెకి. ఒక్కసారి. అంతకంటే పెద్ద కోరికలు ఆమెకి ఏవీ మిగల్లేదు.

"మేస్త్రీ," అన్నాడు అసిబే, "ఈ జత ఇంకెక్కడా దొరకదా?"

ఇద్రిసు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "దొరికితే నేను ఇలా నిలబడి ఉంటానా? ఈ రకం చక్రాలు పోత పొయ్యడం మానేసి ఓ తరం దాటింది. ఉన్నవే చేతులు మారుతున్నాయి. లేతు మిషను కుర్రాళ్ళ చేత పాత షాఫ్టు ఇనుముతో చేయించి చూశాం కిందటేడు వేరే బండికి. వంకర పళ్ళు కదా, కోత సరిగ్గా పడదు. మొదటి ఎత్తు ఎక్కగానే పొడైపోయింది. పైగా ఇవి విడివిడిగా పనికిరావు. పెద్దదీ చిన్నదీ ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని ఒకదానికొకటి అమరుతాయి. మా షెడ్లలో మొగుడూ పెళ్ళాం అంటాం. ఒకటి మారిస్తే రెండోది రోడ్డంతా ఏడుస్తుంది."

"పోనీ ఈ బండినే షెడ్లకిచ్చేస్తే?"

"ఇస్తే పది బండ్లు బతుకుతాయి బాబూ. కరిగిస్తే మాత్రం ఇంక ఆ ఇనుములోంచి నట్టు కూడా పుట్టదు మాకు."

"ఇవ్వను!" అంది అచియా. ఆ అరుపులో ఇందాకటి ఎకసెక్కం లేదు. "నా తమ్ముడి బండిని ముక్కలు కోసి ఊరంతా పంచుతారా? ఒకడి బండిలో వాడి గుండె, ఇంకొకడి బండిలో వాడి కాళ్ళు? కరిగిపోతే కరిగిపోనీ. చచ్చినవాళ్ళు చచ్చినట్టు ఉండాలి. రోడ్ల మీద తిరక్కూడదు."

 అసిబే వాచీ చూసుకుని, చూసుకోవడానికి ఏమీ లేక మళ్ళీ చెయ్యి దించాడు.

ఇద్రిసు పట్టా దగ్గరికొచ్చి గొంతుక్కూచున్నాడు. పెద్దచక్రాన్ని తిరగేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"గుర్తు చూశావా అమ్మా?"

"చూడలేదు," అంది పొకువా.

మేస్త్రీ ఆమె కళ్ళలోకి చూశాడు. "నేనూ చూడలేదు," అని చక్రాన్ని మళ్ళీ బోర్లించాడు.

ఇద్దరూ చూశారు. పొద్దున్నే పొకువా కొంగు చివరతో గ్రీజు తుడిచి చూసింది. ఈ షెడ్లలో ఏ సామాను అరువిచ్చినా, రేపు తారుమారు కాకుండా ఉలితో ఓ గాటు పెట్టి ఇస్తారు. ఆడోమాకో గుర్తు మూడు చుక్కలు. ఈ చక్రం వీపున ఉన్నది మూడు చుక్కలు కాదు. కోడి అడుగు. మూడు గీతలు ముందుకి, ఒకటి వెనక్కి.

ఆ కోడి అడుగు ఆమె చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కమ్మరి పని చేసిన తండ్రి ప్రతి కత్తి మీదా, ప్రతి పార మీదా వేసిన ముద్ర అది. తండ్రి పోయాక ఆ ఉలి తమ్ముడు బెకోయ్ పట్టుకుపోయాడు. బెకోయ్‌కీ ఇలాంటి లారీయే ఉంది.

తమ్ముడి విరిగిన చక్రాలు తన మొగుడి బండిలో ఉన్నాయంటే, మొగుడి మంచి చక్రాలు ఎక్కడున్నట్టు?

అలా మార్చుకోవడం పాత తరం డ్రైవర్ల పద్ధతి. జనంతో నిండిన బండి దారిలో ఆగిపోతే, ఊరికే నిలబెట్టి ఉన్న బండిలోంచి సామాను తీసి ఇవ్వాల్సిందే. అది పగవాడి బండైనా సరే. విరిగినదాన్ని దాని చోట్లో పెట్టి పోతారు, మళ్ళీ వస్తామని చెప్పడానికి.

కానీ బెకోయ్‌కా? ఆయన ఇచ్చాడా?

ఇద్దరికీ మాటలు పోయి ఎన్నేళ్ళయిందో! ఎవరిదో చావు దగ్గర, డ్రైవర్లందరూ తాగుతూ కూచున్నప్పుడు బెకోయ్ అన్నాడట: "మా బావ పలక మీద వస్తాను, వస్తాను అని రాసుకోవడమే గానీ ఏనాడు వేళకొచ్చాడు?" అందరూ నవ్వారు. ఆడోమాకో లేచి వచ్చేశాడు. ఆ తర్వాత బావమరిది పేరెత్తలేదు, ఎత్తనివ్వలేదు. ఒక్క నవ్వుకి పొకువా పుట్టిల్లు మూతపడింది. తమ్ముణ్ణి చూడాలంటే ఎవరైనా పోవాల్సిందే. ఆ చావుల దగ్గర కూడా ఆడవాళ్ళ వరసలోంచి మగవాళ్ళ వరసలోకి దూరం నుంచి చూసుకోవడమే.

ఇప్పుడు ఆమెకి ఓ ఆదివారం గుర్తొస్తోంది. ఇంటిల్లిపాదీ దూరపు చుట్టం అంత్యక్రియలకి పొరుగూరు వెళ్ళారు. ఆడోమాకో అప్పటికే సగమయ్యాడు, రానన్నాడు. పొద్దువాలే వేళకి తను తిరిగొచ్చేసరికి లారీ నీడలో బల్ల మీద వెనక్కి వాలి ఉన్నాడు. మోచేతుల దాకా గ్రీజు. మొహం నిండా చెమట.

"ఏం చేశావ్? లేవలేనివాడివి!"

"బండి కడుపు చూశాను."

"ఎవరు సాయం పట్టారు?"

ఆయన నవ్వాడు. జబ్బు పడ్డాక అంత నిండుగా నవ్వడం అదే మొదలు. "సబ్బు పట్రా ముందు. తర్వాత తిడుదువుగాని."

తిట్టింది. సబ్బు పెట్టి చేతులు రుద్దుతూ తిట్టింది. ఆ చేతుల్ని అంతసేపు తన చేతుల్లో పెట్టుకోవడం అదే ఆఖరని తెలిస్తే ఒక్క మాటా తిట్టేది కాదు.

"అమ్మా, ఏదో ఆలోచిస్తున్నావ్," అన్నాడు దార్కో పక్కన కూచుని. "నీకు తెలుసు. నా దగ్గర దాచకు."

చెప్పాలా? చెబితే తన మీద పడ్డ మచ్చ పోతుంది. చక్రాలు ఆడోమాకోవి కాబట్టి అసిబే వెళ్ళి హక్కుగా విప్పి తెచ్చుకుంటాడు. మెబా కదులుతుంది. కానీ బెకోయ్ లారీ ఆగిపోతుంది. బెకోయ్‌కి పిల్లల్లేరు, మేనల్లుడు ఒక్కడే. ఆ లారీ ఏనాటికైనా రావాల్సింది దార్కోకి. మెబాని దార్కో నడిపినా అది అసిబే బండే, అతని దయ ఉన్నంతకాలమే. చెప్పకపోతే మెబా కరిగిపోతుంది, తను దొంగగా మిగులుతుంది. ఎటు తిరిగినా తన కొడుకు చేతిలోంచి ఏదో ఒకటి జారిపోతోంది.

"వంటకి ఫుఫు దంచాలి, వేళయింది," అంది. లేవలేదు.

అప్పుడు వినిపించింది.

టెచిమాన్ రోడ్డు మీద, ఎత్తు దిగుతున్న బండి. హార్నుల మధ్య, సమ్మెటల మధ్య సన్నగా సాగే ఒక కూత. ఇంజనుది కాదు, ఇరుసుది. మొదట పల్చగా మొదలై, దిగువకొచ్చేకొద్దీ బొంగురుపోయి, మలుపు దగ్గర ఒక్క క్షణం తెగి మళ్ళీ అందుకుంటుంది. ఆడోమాకో బండి కూత అది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ మలుపు దగ్గర ఆ తెగే చప్పుడు విని పొయ్యి మీద కుండ పెట్టేది.

ఆయన పోయాక కూడా ప్రతి బుధవారం వినిపించేది. వినగానే లేచి గేటు దాకా వెళ్ళేది. యాముల లారీలు దుమ్ము రేపుకుంటూ వరసగా దాటిపోయేవి. చప్పుడు వాటిలో కలిసి వెళ్ళిపోయేది. తిరిగొచ్చేసరికి ఇంట్లోవాళ్ళు మొహాలు చూసుకునేవారు.

"అదుగో!" అంది అచియా. "బుధవారం! లేస్తుంది చూడండి! దానికి మొగుడొస్తున్నాడు!"

పొకువా లేవలేదు. గోనెపట్టా అంచుని రెండు చేతులా పట్టుకుని కూచుంది. ఇంతకాలం తన చెవులే పాడయ్యాయనుకుంది. మనసు చెదిరిందనుకుంది. ఆయన బతికుండగా చివరి బుధవారాల్లో మంచం మీంచి తల ఎత్తి, "వెళ్తోంది," అనేవాడు. ఏం వెళ్తోందని అడిగితే చెప్పేవాడు కాదు. ప్రాణం గురించి అంటున్నాడనుకుని వంటింట్లోకి పోయి ఏడ్చేది.

పిచ్చీ కాదు, దెయ్యమూ కాదు. ఆయన చక్రాలే. మొగుడూ పెళ్ళాం జత. వాటి రాపిడి వాటిదే. ప్రతి బుధవారం తన తమ్ముడి బండిలో ఈ గేటు ముందు నుంచి వెళ్తున్నాయి.

ఆమె గోనెపట్టా అంచు వదిలేసింది.

"ఇవాళ పల్చగా ఉంది చప్పుడు," అంది తనలో తను. బరువున్న బండి అలా కూయదు.

కూత మలుపు దగ్గర తెగింది. మళ్ళీ అందుకుంది. గేటు దగ్గరికొచ్చింది. ఎప్పుడూ ముందుకి సాగిపోయే చప్పుడు ఇవాళ నెమ్మదించింది. టైర్లు గులకరాళ్ళ మీద నలిగాయి. గేటు సందులోంచి ఆకుపచ్చ లారీ ముక్కు లోపలికొచ్చి, పలక మీద 'నవ్వితే నవ్వనీ' అన్న అక్షరాలు కనిపించాయి.

బెకోయ్ దిగాడు. జుట్టు తెల్లబడింది. ఎప్పుడు తెల్లబడిందో అక్కకి తెలీదు.

"అక్కా."

"ఇప్పుడు తెలిసిందట్రా దారి?" అంది పొకువా. అనుకున్నది వేరు, నోట్లోంచి వచ్చింది ఇది.

"షెడ్లలో చెప్పుకుంటున్నారు, నిన్ను దొంగన్నారని." అచియా వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "మా అక్క ఏం తియ్యలేదు వదినా. జత నా బండిలో ఉంది. బావ ఇచ్చాడు."

"నా తమ్ముడు నీకిచ్చాడా?" అంది అచియా. "నీకు?"

"నాక్కాదు. నా బండిలో జనానికి." బెకోయ్ మాటలు వెతుక్కున్నాడు. "ఈ రోడ్డు మీదే విరిగింది. బండి నిండా యాములమ్మే ఆడవాళ్ళు, పిల్లలు. షెడ్లన్నీ తిరిగాను, ఎవరి దగ్గరా లేదు. ఈ గేటు ముందు నుంచి నడిచి పోతుంటే బావ ఒక్కడే కూచుని ఉన్నాడు. మొహం తిప్పుకుని పోదామనుకున్నా. పిలిచాడు. పేరెట్టి కాదు, ఒరేయ్ అనీ కాదు. 'ఎంతమంది ఉన్నారు బండిలో?' అన్నాడు. అంతే. చెప్పాను. 'జాకీ పట్రా,' అన్నాడు."

"తర్వాత?"

"తర్వాత పొద్దస్తమానం ఒక్క మాట లేదక్కా. ఆయన పడుకుని విప్పాడు, నేను అందించాను. నువ్వు పడుకో, నేను విప్పుతా అంటే పానా లాక్కుని కొట్టబోయాడు. వచ్చేటప్పుడు మాత్రం, 'నీది దొరికాక నాది తెచ్చివ్వు,' అన్నాడు. దొరకలేదు. తమాలే వెళ్ళాను, సరిహద్దు దాటి వాగదూగూ దాకా వెళ్ళాను. దొరక్క, ఏ మొహం పెట్టుకుని రాను? అంత్యక్రియలప్పుడు కూడా వెనక చెట్టు దగ్గరే నిలబడి పోయాను."

"చూశాను," అంది పొకువా. "నా దగ్గరికి వస్తావనుకున్నాను."

 దార్కో మేనమామ వంక, తల్లి వంక, రెండు లారీల వంక మార్చి మార్చి చూస్తున్నాడు. లెక్క అతనికి అప్పుడే అర్థమైంది.

అందరికంటే ముందు తేరుకున్నది అసిబే. తల్లి వైపు ఓసారి చూసి, "దొంగన్నావు కదమ్మా," అన్నాడు.  ఇందాకటి నుంచి అచియా బెకోయ్‌ని చూడడం లేదు, లారీ వెనక ఇరుసు కేసి చూస్తోంది.

"అత్తా," అన్నాడు అసిబే. "చక్రాలు మామవి. అంటే ఇప్పుడు నావి. పెద్దలెవర్నడిగినా అదే చెబుతారు. కానీ మామ తన చేత్తో పెట్టినదాన్ని నేను నా నోటితో తియ్యమనలేను. మామతో ఉన్నది నువ్వు. నువ్వు చెప్పు. ఏ బండి కదలాలి? నువ్వేదంటే అదే. మళ్ళీ మాట తిప్పను."

ఇద్రిసు అప్పటికే జాకీ తెచ్చి రెండు లారీల మధ్య నిలబడ్డాడు. "ఏ బండి కింద పెట్టమంటావమ్మా?"

పొకువా లేచి ఆకుపచ్చ లారీ వెనక్కి వెళ్ళింది. వంగి ఇరుసు మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. ఇంతకాలం మెబా ఇనుమే ముట్టుకుంది, ఎండలో కాలుతుంది, పొద్దు వాలితే చల్లబడుతుంది. లోపల్నుంచి వచ్చే వెచ్చదనం అది కాదు. చెయ్యి తియ్యాలనిపించలేదు.

అలాగే వంగి ఉండి అడిగింది.

"ఎంతమంది ఉన్నారు బండిలో?"

ఆ ప్రశ్నకి ఒక్కరున్నారన్న జవాబొచ్చినా ఇక మాట్లాడేదేమీ ఉండదు. జనంతో ఉన్న బండిలోంచి ఎవరూ సామాను విప్పరు. మొగుడి చాటున దాక్కున్నట్టు ఆ ప్రశ్న చాటున దాక్కుందామనుకుంది ఆమె.

బెకోయ్ తల దించుకున్నాడు.

"ఎవ్వరూ లేరక్కా. అందర్నీ నాలుగు రోడ్ల రౌండు దగ్గర దించేసి వచ్చాను. ఖాళీ బండి. నువ్వు నా మొహమో జనం మొహమో చూడకూడదని."

"అమ్మా," అన్నాడు దార్కో.  "నా కోసం కూడా చూడకు. నాన్న బండి కదలనీ. మావయ్య బండి నాకొస్తే ఎంత, రాకపోతే ఎంత?"

అందరూ ఇచ్చేస్తామంటున్నారు. ఇచ్చేవాళ్ళు ఇంతమంది ఉన్నప్పుడు తీసుకోవడం ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది. మెబా వైపు చూసింది. ఆ పలక గేటు దాటడం, రోడ్డెక్కడం, జనం తలలు తిప్పి చూడడం అన్నీ కళ్ళ ముందు కనిపిస్తున్నాయి. ఒక్క మాట అంటే చాలు. శనివారం తను నల్లబట్ట విప్పే వేళకి ఆయన బండి కూత అక్కడ ఉంటుంది.

కానీ ఆ ఆదివారం ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులతోనే విప్పాడు, ఆ చేతులతోనే బిగించాడు. ఏ బండి నిలబడాలో ఏ బండి వెళ్ళాలో ఆయన ఏనాడో తేల్చేశాడు. కోపం మింగి, జబ్బు మింగి చేసిన పని. ఆయన చేసిన ఆఖరి పని. ఇప్పుడు ఆ బోల్టులు విప్పితే తను విప్పేది ఆయన్నే.

"మేస్త్రీ, జాకీ లోపల పెట్టెయ్," అంది.

ఇద్రిసు కదల్లేదు. అర్థం కానట్టు నిలబడ్డాడు.

"అక్కా..."

"పో. దించినవాళ్ళు ఎండలో నిలబడి నిన్ను తిట్టుకుంటూ ఉంటారు. ఎక్కించుకో." నవ్వబోయింది, కుదర్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది. "బుధవారం ఇటే వస్తావుగా?"

బెకోయ్ తల ఊపాడు. స్టీరింగు ముందు ఎక్కి కూచుని, మొహం మోచేత్తో తుడుచుకుని, స్టార్టు చేశాడు. లారీ వెనక్కి పోవడానికి గేరు పడింది. చక్రం అర చుట్టు తిరిగింది. కూత అలా మొదలైందో లేదో, "ఆపరా!" అని కేక వినపడింది.

అచియా ఎప్పుడు అటు వెళ్ళిందో ఎవరూ చూడలేదు. గేటుకి అడ్డంగా, లారీ వెనక చక్రాల దగ్గర, అంత ఖరీదైన బట్టతో మట్టిలో చతికిలబడి ఉంది.

"అమ్మా, లే!" అసిబే పరుగెత్తాడు. "ఏంటిది? నేను మాటిచ్చాను!"

"నువ్విచ్చావు. నేనివ్వలేదు." అతని చెయ్యి విదిలించింది. ఆ గొంతు పక్క ఇంటికి కూడా వినపడదు. చూస్తున్నది పొకువానే. "దీనికొక్కదానికే వినపడిందనుకుంటున్నారు మీరంతా."

పొకువా నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు జారిపోయింది.

"వదినా?"

"ప్రతి బుధవారం వినపడేది. నా ఇంట్లో నా గదిలో కూచున్నా వినపడేది. చచ్చిన తమ్ముడు రోడ్డు మీద తిరుగుతున్నాడని భయపడి చచ్చాను. నువ్వు లేచి గేటు దాకా వెళ్ళేదానివి. నేను లేవలేక నిన్ను పిచ్చిదానివన్నాను." ఆమె రెండు చేతులూ చాపి, ఇరుసుకి కిందుగా, వెచ్చటి ఇనుముని పట్టుకుంది. "నా తమ్ముణ్ణి మళ్ళీ పోనివ్వను పొకువా. పోనివ్వాలంటే నా మీంచి పోనివ్వు."